పెండ్లి మందు

మా లస్మయ్య మామకు నోరు తెరవడం వచ్చినంత బాగా మూయడం వచ్చేది కాదు. ఈ మాట నాది కాదు, ఆయనతో కాపురం చేసిన ఈరవ్వత్తది. ఆమె ఇలా అంటున్నప్పుడు మామ పక్కనే అరుగు మీద కూర్చుని, తననెవరో మెచ్చుకుంటున్నట్టు మీసం దువ్వుకునేవాడు.

ఎల్లారెడ్డికి ఇవతల, కామారెడ్డి బాట మీద ఉంటుంది మా ఊరు. అక్కడ మామ తుపాకి మందు చేసేవాడు. ఇప్పుడు వింటే పోలీసు కేసు గుర్తొస్తుంది గానీ, నిజాం కాలంలో అడవి అంచున జొన్న వేసుకున్న రైతుకు విత్తనం ఎంతో మందూ అంతే. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగేవి. మంచె మీద నుంచి భర్మారు ఒకటి పేల్చకపోతే తెల్లారేసరికి చేనంతా దొర్లించి పోయేవి. భర్మారు అంటే గొట్టంలో పైనుంచి మందు పోసి, పీలికలు కూరి, కడ్డీతో దట్టించి కాల్చే పాత తుపాకి. ఆ చుట్టుపక్కల అలాంటిది ఎవరింట ఉన్నా దానికి మేత మామ చేతిదే.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. మా వైపు తుపాకి అంటే చప్పుడు. పంది చావనక్కర్లేదు, పారిపోతే చాలు. పెండ్లి ఊరేగింపులో పేల్చినా, జాతరలో పేల్చినా కావలసింది చప్పుడే. అందుకని గట్టిగా మోగితే మంచి మందు, మెల్లగా మోగితే చెడ్డ మందు. గుండు ఎంత దూరం పోయింది, ఎంత లోతు దిగింది అని అడిగినవాడు మా ఊళ్లో పుట్టలేదు. మామ రెండు రకాలు చేసేవాడు. ఒకటి చేను మందు. అది మోగుతుంది, గుండును గట్టిగా తోస్తుంది కూడా. రెండోది పెండ్లి మందు. దానికి చప్పుడు చేయడం, పొగ వదలడం తప్ప వేరే పని చేతకాదు. "అది అచ్చం మా ఆయన అసొంటిది" అనేది అత్త.

ఒకసారి మామ ఎల్లారెడ్డిలో ఒక షావుకారింటి పెండ్లికి పోయి ఈ పెండ్లి మందు పేల్చి వచ్చాడు. ఆ చప్పుడు కామారెడ్డి స్టేషన్ దాకా వినపడిందని ఆయన వాదన. రెండూళ్ల మధ్య ఎడ్లబండి మీద పొద్దంతా ప్రయాణం. నమ్మకపోతే యాకూబును అడగండి అనేవాడు. యాకూబు కామారెడ్డి స్టేషన్లో మూటలు మోసే హమాలీ. ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే కిరస్తానీ, ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. మామ బజారు సరుకుల కోసం కామారెడ్డి పోయినప్పుడు పనిగట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, "యాకూబూ, మొన్న పొద్దుగూకినంక చప్పుడు ఇన్నవా?" అని అడిగాడట. యాకూబు తల మీది మూట దించి, కాసేపు ఆలోచించి, "ఇన్న అన్నా. రైలు కూత అనుకున్న" అన్నాడట. ఆ రోజు నుంచి మామ దృష్టిలో యాకూబంత సత్యవంతుడు ఈ భూమ్మీద లేడు.

మందు నూరే రోజు అత్తకు సెలవూ అదే, పస్తూ అదే. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగకూడదు, ఇంటి దరిదాపుల్లో చుట్ట కాలకూడదు, దీపాల వేళకల్లా పని ముగిసిపోవాలి. వంట లేదు కాబట్టి తినడానికి నిన్నటి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. "ఊళ్లె ఆడోళ్లందరికి మొగుడు సంపాదించిననాడు కడుపు నిండుతది. నాకు మొగుడు సంపాదించిననాడే సద్దిరొట్టె" అని దెప్పేది. మామ నూరుతూనే జవాబు చెప్పేవాడు. నూరడం ఆగేది గానీ జవాబు ఆగేది కాదు.

మందుకు ప్రాణం బొగ్గు. ఆ బొగ్గు మోత్యాది. మోత్యా మా ఊరి పక్క తండాలో ఉండే లంబాడీ. అడవిలో ఏ కట్టె కాలిస్తే ఏ బొగ్గు వస్తుందో అతనికి తెలుసు, ఏ బొగ్గు కావాలో మామకు తెలుసు. మీసాలు మొలిచినప్పటి నుంచి ఇద్దరికీ ఇదే బేరం. బొగ్గు బాగాలేదని మామ, బాగున్న బొగ్గును పాడుచేస్తున్నావని మోత్యా. అరుచుకుని అరుచుకుని, ఆఖరికి ఒకే చుట్ట పంచుకుని కాల్చేవారు, అదీ ఇంటికి దూరంగా పోయి. మోత్యా భార్య ధన్లి బొగ్గు గంప దించుకుని నిలబడి, ఈ మగవాళ్ల తగవు తెగేదాకా అత్తతో కబుర్లాడేది.

ఇక దొర. ఆయన పేరు చెప్పను. ఆయన మనవళ్లు నాతో మంచిగానే ఉంటారు. దొర గడీ మా ఊళ్లోనే ఉండేది. ఆయనకు హైదరాబాదులో ఇంగ్లీషు దుకాణం నుంచి తెచ్చుకున్న రివాల్వరు ఒకటి ఉండేది. అది నడుముకు లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. అన్నం తినేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. చారు కలుపుకోవడానికి వంగితే పిడి పొట్టలో గుచ్చుకునేదట, అయినా అంతే. గురి మాత్రం అంతంత మాత్రం. ఎవరైనా చూస్తున్నప్పుడు ఆకాశంలోకి తప్ప కాల్చేవాడు కాదు, ఎందుకంటే ఆకాశం తప్పిపోయేది కాదు.

జర్మనీ యుద్ధం మొదలయ్యాక రివాల్వరు తూటాలు రావడం మానేశాయి. దొర జవాను బాలనర్సయ్య ప్రతి వారం కామారెడ్డి స్టేషన్‌కు పోయి పార్సిలు వచ్చిందా అని అడిగేవాడు. యాకూబు ఎవరి మనసూ నొప్పించడు కదా, "రేపొస్తదేమో అన్నా" అనేవాడు. ఆ రేపు ఏళ్లు దాటినా రాలేదు. దొర నడుముకున్న రివాల్వరు ఉత్తదేనని ఊరంతటికీ తెలిసిపోయింది. తెలిశాక జనం నడుములు కొంచెం నిటారుగా అయ్యాయి.

ఆ యేడు తండావాళ్లు గడీకి వెట్టికట్టెలు కొట్టేది లేదన్నారు. వాళ్లు అడవి అంచున నరికి చదును చేసుకున్న భూమి తనదేనని దొర అంటున్నాడు. భూమీ నీదే, వెట్టీ నీకే అంటే మేమేం తినాలి అని తండా అంటోంది. ఆ మాట దొర ముఖాన అన్నది మోత్యా. బొగ్గు బేరంలో మామతో అరిచి అరిచి అతనికి గొంతు అలవాటైపోయింది.

దసరా దగ్గర పడుతుండగా దొర మామను గడీకి పిలిపించాడు. ముందర ఒక పెట్టె పెట్టించాడు. అందులో పాత తూటాల ఖాళీ డొల్లలు ఉన్నాయి. వాటి అడుగున పెట్టే, మీట దెబ్బకు నిప్పు రాజేసే చిన్న టోపీలు, సీసపు గుండ్లు ఉన్నాయి. ఒక డబ్బాలో బూడిదరంగు మందు కూడా ఉంది. అది పొగ రాని కొత్త రకమట. ఎవరో వేటగాడు స్నేహితుడు ఇచ్చాడు, ఏ తుపాకిదో ఇచ్చినవాడికీ గుర్తులేదు.

"లస్మిగా, వీటిల్ల మందు పోసి మల్ల తూటాలు చెయ్యాలె" అన్నాడు దొర. "ఏ మందు పోస్తవో నీ ఇష్టం. దసరానాడు జమ్మికాడ పేల్చి చూస్త. పండుగ పోయినంక తండకు పోయి చూస్త."

"తండల ఎందుకు దొరా?" అన్నాడు మామ. ఊరుకోవచ్చు కదా, ఊరుకోడు.

"మోత్యాగాని నోరు మూపియ్యనీకి" అన్నాడు దొర, రేపు వాన వస్తుందన్నంత మామూలుగా.

పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చిన మామ, అత్త అడిగినా పలకలేదు. కాపురానికి వచ్చాక ఆయన నోరు అంతసేపు మూతపడటం చూడలేదని, జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశానని అత్త చెప్పేది. తర్వాత సంగతంతా చెప్పాడు. ఆ పెట్టె వద్దనడానికి లేదు. వద్దంటే గడీలో తన వీపు పగులుతుంది, దొర ఎల్లారెడ్డి నుంచి ఇంకెవరినైనా పిలిపించి ఆ పని చేయించుకుంటాడు. ఆ ఇంకెవరో పోసిన మందు మోత్యా గుండెలోకి దిగుతుంది.

మర్నాడు పగటిపూట పొయ్యి ఆర్పించి, మామ పనికి కూర్చున్నాడు. చాటలో మూడు కుప్పలు పోశాడు. డబ్బాలోని బూడిద మందు, చేను మందు, పెండ్లి మందు. అత్త ఎదురుగా కూర్చుంది.

"ఏది పోస్తవు?" అంది.

బూడిద మందును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి పక్కకు తోశాడు మామ. "దీని బుద్ధి ఏందో నాకు తెల్వది. ఇంత పొయ్యాలెనో, గింతే పొయ్యాలెనో. జరంత ఎక్కువైతే రివాల్వరే పలిగి దొర చెయ్యి పోతది. దొర చెయ్యి పోతే నా మెడ పోతది."

"పోతే పోనియ్యి చెయ్యి" అంది అత్త. తర్వాత ఆలోచించి, "వద్దులే, మెడ ఉండనియ్యి" అంది.

"చేను మందు పోస్తే ఏమైతదో నాకు ఎరికే. ఈడ కొడితే ఆడ ఎల్తది" అని తన రొమ్ము మీద, వీపు మీద వేలు పెట్టి చూపించాడు.

ఇద్దరూ మూడో కుప్ప వంక చూశారు.

సరిగ్గా అప్పుడే బొగ్గు గంప ఎత్తుకున్న ధన్లిని వెంటబెట్టుకుని మోత్యా వచ్చాడు. చాటలో కుప్పలు, పక్కన ఇత్తడి డొల్లలు చూశాడు. దొర ఏమంటున్నాడో తండాకు అప్పటికే తెలుసు. అయినా అతను నవ్వాడు.

"లస్మన్నా, దొర తూటాలకు నా బొగ్గేనా?"

మామ చాటను పక్కకు జరిపాడు.

"పోస్తే మంచి బొగ్గు చూసి పొయ్యన్నా" అన్నాడు మోత్యా. "చెడ్డ బొగ్గుతోని సచ్చిండంటే తండల నా ఇజ్జతు పోతది."

ధన్లి నవ్వలేదు. గంప దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అత్త లేచి పోయి ఆమె పక్కన నిలబడింది. ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లూ ఒక్క కబురూ చెప్పుకోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక మామ పెండ్లి మందు కుప్పను దగ్గరికి లాక్కున్నాడు. కానీ అది కూడా తేలిక కాదు. మరీ నీరసంగా ఉంటే సీసపు గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకొకటి కాలిస్తే మళ్లీ రివాల్వరు పగులుతుంది, మళ్లీ మెడ. గుండు బయటికి రావాలి, వచ్చి ఏమీ చేయకూడదు. చప్పుడు మాత్రం దొర చెవులు హోరెత్తేలా ఉండాలి. అంతకాలం పంది చావకపోయినా ఫరవాలేదని మందు చేసిన మనిషి, ఇప్పుడు మనిషి చావకూడదని చేయాలి. ఇంటి వెనక తన భర్మారుతో ఏయే తీరుగా పరీక్షించి చూశాడో అత్త నాకు చెప్పింది గానీ నేనిక్కడ రాయను. చదివి ఎవడైనా మొదలుపెడితే నాకెందుకొచ్చిన గొడవ. తన గొంగడి మడతలు పెట్టి కట్టెకు వేలాడేసి దాని మీద పరీక్షించాడని మాత్రం చెబుతాను. ఆఖరికి గుండు గొంగడిని పొడిచి కింద పడిపోయింది. గొంగడికి పడిన కాలుడు మచ్చలను అత్త చచ్చేదాకా క్షమించలేదు.

తర్వాత మామ నడిచి తండాకు వెళ్లాడు.

"మోత్యా, దసరా పోయినంక చలి పెడతది. గొంగడి నాలుగు మడతలేసి రొమ్ము మీదికి కప్పుకోని తిరుగు."

"చలి గిప్పుడెక్కడిది అన్నా? ఎండకే సస్తున్నం."

"నేను చెప్తున్న గదా. కప్పుకో."

మోత్యా ఆయన ముఖంలోకి చూశాడు. మామ ఇంకో మాట చెప్పకుండా వచ్చేశాడు. ఆయన ఒక్క మాటతో ఊరుకున్నాడంటే అది మామూలు మాట కాదని మోత్యాకు అర్థమైంది. దసరా ముందు నుంచే నల్లటి గొంగడి కప్పుకుని చెమటలు కక్కుతూ తిరిగాడు. తండా పిల్లలు వెంటపడి నవ్వారట.

దసరానాడు ఊరంతా జమ్మి దగ్గర చేరింది. పూజ అయింది. పాలపిట్ట కనపడితే యేడంతా మంచిదని జనం అప్పటికే మెడలు చాచి చెట్లలో వెతుకుతున్నారు. దొర రివాల్వరు తీసి ఆకాశంలోకి పేల్చాడు. అది చప్పుడా! పిల్లలు తల్లుల కాళ్లకు చుట్టుకున్నారు, కుక్కలు ఎల్లారెడ్డి దిక్కు పారిపోయాయి. పాలపిట్ట సంగతి దేవుడెరుగు, పక్కనున్న మనిషి కూడా పొగలో కనపడలేదు. పొగ తేలిపోయాక చూస్తే దొర ముఖం సగం నల్లగా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేక, ఇంటికి పోయి అద్దం చూసుకునేదాకా అలాగే తిరిగాడు.

"శభాష్ లస్మిగా! మందంటే గిదిరా!" అని దొర అందరి ముందూ మెచ్చుకుని, జమ్మి ఆకు తన చేత్తో మామ చేతిలో పెట్టాడు. చప్పుడు బాగుందంటే మందు బాగున్నట్టే. దొర కూడా మా ఊరివాడే కదా. ఆ పండగ పూట బాలనర్సయ్య గడీ అరుగు మీద కూర్చుని రివాల్వరుకు పట్టిన మసి తుడుస్తూనే ఉన్నాడు.

తర్వాతి కొన్ని రోజులు మామ బతుకులో మంచి రోజులు కావాలి. ఎక్కడికి పోయినా "ఏం పేల్చినవ్ లస్మన్నా" అనేవారే. ఆయన మాత్రం నవ్వీ నవ్వనట్టు నవ్వి ఇంటికి వచ్చి కూర్చునేవాడు. గొంగడి నాలుగు మడతలూ నిలుస్తాయా, దొర రొమ్ముకే గురి పెడతాడా, గురి లేని మనిషి కాబట్టి గుండు తలకు తగిలితే ఏం గతి. ఇదే ఆలోచన. దొర గురి మీద ఊళ్లో ఎవరికీ నమ్మకం లేదు గానీ, అందుకు భయపడింది మామ ఒక్కడే.

దీపావళి ముందు ఒక పొద్దున దొర కచ్చురం బండి కట్టించుకుని తండాకు పోయాడు. బాలనర్సయ్య తోలాడు. మోత్యా గుడిసె ముందు గొంగడి కప్పుకుని నిలబడి ఉన్నాడు.

"వెట్టికి వస్తవా రావా?" అన్నాడు దొర బండి దిగి.

"రాను దొరా" అన్నాడు మోత్యా. అతనికీ ప్రాణం మీద తీపి ఉంది. కానీ రాననే అన్నాడు.

దొర కాల్చాడు. తండా దద్దరిల్లింది. కచ్చురానికి కట్టిన ఎడ్లు ఒక్క ఉదుటున లేచి, బండితో సహా జొన్న చేలల్లో పడి పారిపోయాయి. వాటి వెనక బాలనర్సయ్య పారిపోయాడు. పొగలో ధన్లి ఏడుపు వినిపించింది. పొగ తేలిపోయేసరికి మోత్యా నేల మీద కూలబడి రొమ్ము పట్టుకుని ఉన్నాడు. ధన్లి గొంగడి లాగి చూసింది. కమిలిన మచ్చ ఉంది, నెత్తురు లేదు. గొంగడి మడతలోంచి సీసపు గుండు జారి ఆమె ఒడిలో పడింది. మొహం చదునైపోయి, రూపాయి బిళ్ల పిల్లలా ఉంది.

దొర మళ్లీ మీట నొక్కాడు. మసి పట్టి రివాల్వరులో తూటాల చక్రం తిరగలేదు. రెండు చేతులతో గుంజాడు, తిరగలేదు. అంతదాకా ఏడ్చిన ధన్లికి, మొగుడు బతికాడన్న సంతోషమో, దొర అవస్థో, నవ్వు వచ్చింది. ఆమె నవ్వింది. ఆమె వెనక తండా అంతా నవ్వింది. దొర ఎండలో నడుచుకుంటూ గడీకి వచ్చాడు. భయపడే చోట నవ్వు పుట్టాక అక్కడికి మళ్లీ పోవడం కష్టం. ఆ యేడు ఆయన మళ్లీ తండా వంక పోలేదు.

కానీ మామను పిలిపించాడు. ఇక్కడ నాకు నవ్వు రాదు. గడీ వాకిట్లో ఊరందరి ముందూ మామను నడుము వంచి నిలబెట్టి వీపు మీద బండరాయి ఎత్తించాడు. అత్త ఆ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకునేది.

"ఏ మందు పోసినవ్ రా?"

"పెండ్లి మందు దొరా, నీ బాంచెను. చప్పుడు మంచిగుంటదని పోసిన."

"తెలిసి పోసినవా, తెల్వక పోసినవా?"

తెలిసి పోశానంటే ఆ పూటతో మామ పని అయిపోతుంది, రేపు ఇంకో మందు వస్తుంది, మోత్యా పని కూడా అయిపోతుంది. తెలియక పోశానంటే ఇద్దరూ బతుకుతారు. కానీ వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న పని, కామారెడ్డి దాకా వినపడిన పేరు, దువ్వుకునే మీసం, అన్నీ అక్కడే పోతాయి. ఆయనకు ఆస్తి అంటూ ఉన్నది అదొక్కటే.

"తెల్వక పోసిన దొరా" అన్నాడు మామ, వంగినచోటు నుంచే. "తుపాకి మందు పని నాకు రాదు. ఉత్తగ చెప్పుకోని తిరిగిన."

దొర నమ్మాడు. నమ్మక ఏంచేస్తాడు, శభాష్ అని జమ్మి ఆకు పెట్టింది ఆయనే కదా. దీనిలో మోసముందంటే మోసపోయింది తనే అవుతాడు. బండ దింపించి, మామ భర్మారు గుంజుకుని, ఇక ఈ చేతగానివాడి దగ్గర ఎవరూ మందు కొనొద్దని డప్పు వేయించాడు. మర్నాటికే మామ పేరు తుస్సు లస్మయ్య అయింది.

అప్పటి నుంచి ఆయన చేను కాపలాకు నూనె డబ్బా కట్టెతో కొట్టేవాడు. పందులు దాన్ని పెద్దగా పట్టించుకునేవి కావు. అత్తకు రోజూ పొయ్యి వెలిగించుకునే భాగ్యం వచ్చింది. "మందు పోయినందుకు నేను ఏడ్వలే, ఆ సద్దిరొట్టె పీడ పోయింది. ఈయన నోరు పోయిందని ఏడ్చిన" అనేది నాతో.

మరుసటి యేడు సీతాఫలాల కాలంలో మామ ఎల్లారెడ్డి అంగడికి పోయాడు. గడీ సరుకులు కొనడానికి బాలనర్సయ్య కూడా వచ్చి ఉన్నాడు. కుర్రకారు మామ చుట్టూ చేరి, "తుస్సు మామా, ఒక్కటి పేల్చరాదు" అని ఆట పట్టిస్తున్నారు. ఏదో పని మీద కామారెడ్డి నుంచి వచ్చిన యాకూబు అది విన్నాడు. ఎవరి మనసూ నొచ్చుకోవడం చూడలేడు కదా, గుంపులోకి వచ్చి గట్టిగా అన్నాడు.

"ఏందిరా మీరనేది? నిరుడు తండకాడ లస్మన్న మందు పేలిన చప్పుడు నేను మా స్టేషన్ల ఇన్న. ఒట్టు!"

మామ జీవితమంతా ఎదురుచూసిన మాట అది. ముఖం ఒక్కసారి వెలిగిందట. మీసం మీదికి చెయ్యి కూడా పోయిందట. ఎదురుగా బాలనర్సయ్య, విన్నది గడీకి మోయడానికి, ఇటే చెవి పెట్టి నిలబడి ఉన్నాడు. అతనికి కొంచెం పక్కగా ధన్లి గంపలో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముతోంది. ఆమె తల మీది ముసుగు అంచున కుట్టుకున్న అద్దాలు, బిళ్లల మధ్య ఒక చదును సీసం ముక్క వేలాడుతోంది. చూసినవాళ్లు అది కూడా ఒక నగే అనుకుంటారు. మోత్యా ఆమె వెనక కూర్చుని, పండిందో లేదోనని ఒక్కో పండూ నొక్కి చూస్తున్నాడు.

మామ చెయ్యి మీసం మీద నుంచి కిందికి దించాడు. "లేదు యాకూబూ, నువ్వు రైలు కూతే ఇన్నవు. నాది తుస్సే" అన్నాడు.

కుర్రాళ్లు పకపకా నవ్వారు. ధన్లి గంపలో అన్నిటికంటే పెద్ద పండ్లు ఏరి తెచ్చి మామ తువ్వాల నింపింది. పైసలు తీసుకోలేదు. బాలనర్సయ్య వినేలా, "తిను తుస్సన్నా" అంది. మామ అక్కడే కూర్చుని ఒక పండు విప్పుకుని తిన్నాడు. గింజలు ఉమ్మడానికి తప్ప మళ్లీ నోరు తెరవలేదట.